థైరాయిడ్ క్యాన్సర్: భయపడాలా? లైట్ తీసుకోవాలా?

కావలి వైపు నుంచి ఒక చెల్లి మెసేజ్ పెట్టింది. "అన్నా, అమ్మ మెడలో గడ్డకి సూది టెస్ట్ చేస్తే పాపిల్లరీ కార్సినోమా అని వచ్చింది. ఇంట్లో సగం మంది ఏడుస్తుండారు. మిగతా సగం మంది, అది మంచి క్యాన్సరేలే, ఏం కాదు అంటుండారు. ఎవరి మాట నమ్మేది?" అని. నేను డాక్టర్ని కాదబ్బా, బీటెక్ చదివి కోడ్ రాసుకున్నోణ్ణి. కాకపోతే కొన్ని విషయాలు ముందే తెలిస్తే డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలుస్తుంది. ఈ ఎపిసోడ్ అందుకే.

ముందు ఒక మాట. మెడలో గడ్డలన్నీ క్యాన్సర్ కాదు. నూటికి తొంభైకి పైగా మామూలు గడ్డలే. గడ్డ పెరుగుతోందా, గట్టిగా ఉందా, గొంతు రెండు మూడు వారాలుగా బొంగురుపోయిందా, మింగడం కష్టమవుతోందా, ఇవి చూసుకోవాలి. ఉంటే అల్ట్రాసౌండ్, తర్వాత అవసరమైతే సూది పరీక్ష.

ఇప్పుడు అసలు విషయం. థైరాయిడ్ క్యాన్సర్ అంటే ఒకే జబ్బు కాదు. ఎక్కువగా కనిపించేవి నాలుగు రకాలు. పది మందిలో ఎనిమిది మందికి వచ్చేది పాపిల్లరీ. నిదానంగా పెరుగుతుంది, మెడలోని లింఫ్ గ్రంథులకి పాకినా ఎక్కువ మందికి నయమవుతుంది. ఫాలిక్యులర్ దానికి తమ్ముడు లాంటిది. మెడుల్లరీ వేరే జాతి. సుమారు నాలుగో వంతు కేసుల్లో రెట్ అనే జీన్ ద్వారా కుటుంబంలో వస్తుంది, కాబట్టి అది తేలితే ఇంట్లో వాళ్లకీ టెస్ట్ చేయించమంటారు. నాలుగోది అనాప్లాస్టిక్. చాలా అరుదు, ఎక్కువగా పెద్ద వయసులో వస్తుంది, కానీ నెలల్లో ప్రాణం మీదికి తెచ్చేది అదే. అక్కడ ఒక్క వారం ఆలస్యం కూడా ఆలస్యమే. "మంచి క్యాన్సర్" అన్న మాట పాపిల్లరీని చూసి పుట్టింది. దాన్ని నాలుగింటికీ అతికించేస్తున్నారు. అదీ ప్రమాదం.

అందుకే రిపోర్ట్ చేతికి రాగానే "ఏ స్టేజ్?" అని కాదు, "ఏ రకం?" అని అడగండి. ఎందుకంటే ఇక్కడ స్టేజ్ లెక్కే విచిత్రం. పాపిల్లరీ, ఫాలిక్యులర్ రకాల్లో వయసు 55 లోపు ఉంటే రెండే స్టేజ్‌లు. ఊపిరితిత్తులకి పాకినా స్టేజ్ 2 అనే రాస్తారు. చాలా క్యాన్సర్లలో అయితే అది స్టేజ్ 4 అయ్యేది! తప్పుగా రాశారేమో అనుకోవద్దు. ఆ వయసులో బతికే అవకాశాలు అంత ఎక్కువని అర్థం.

ఎంత ఎక్కువో చెప్తా. 1986లో చెర్నోబిల్ అణు ప్రమాదం జరిగింది కదా. రేడియోధార్మిక అయోడిన్ గడ్డి మీద పడి, ఆవు పాలలోకి వచ్చి, పిల్లల థైరాయిడ్‌లో చేరింది. అప్పటి పిల్లల్లో 2005 నాటికి ఆరు వేలకి పైగా థైరాయిడ్ క్యాన్సర్ కేసులు తేలాయి. ఐక్యరాజ్యసమితి కమిటీ లెక్క ప్రకారం అప్పటికి చనిపోయినవాళ్లు 15 మంది. ఈ సందర్భంలోనే, "ఫోన్ రేడియేషన్‌తో వస్తుందా బ్రో" అని అడిగేవాళ్లకి: అలా వస్తుందని రుజువు లేదు. ఆ రేడియేషన్ వేరు, ఇది వేరు.

ట్రీట్‌మెంట్‌కి వద్దాం. మొదటిది సర్జరీ. గడ్డ సైజుని బట్టి సగం గ్రంథి తీస్తారు లేదా మొత్తం తీస్తారు. ఈ ఆపరేషన్‌లో కష్టం ఏంటంటే, గ్రంథిని ఆనుకునే స్వరపేటికకి వెళ్లే నరం ఉంటుంది, వెనక బియ్యపు గింజంత పారాథైరాయిడ్‌లు నాలుగుంటాయి. నరం దెబ్బతింటే గొంతు మారుతుంది. పారాథైరాయిడ్‌లు దెబ్బతింటే కాల్షియం పడిపోయి వేళ్లు, మూతి తిమ్మిరెక్కుతాయి. కాబట్టి "మీరు ఏడాదికి ఎన్ని థైరాయిడ్ ఆపరేషన్లు చేస్తారు సార్?" అని అడగడానికి మొహమాటపడొద్దు.

తర్వాత కొందరికి రేడియో అయోడిన్. నాకు ఈ ఐడియా భలే నచ్చుతుంది. థైరాయిడ్ కణాలకి అయోడిన్ అంటే ఆకలి. ఆ ఆకలినే వాడుకుని అయోడిన్ 131ని క్యాప్సూల్‌గానో ద్రవంగానో మింగిస్తారు. ఒంట్లో ఎక్కడ మిగిలిపోయిన థైరాయిడ్ కణం ఉన్నా అది తనంతట తానే తినేసి లోపల్నుంచి చస్తుంది. చెర్నోబిల్‌లో పిల్లల్ని దెబ్బతీసింది ఇదే ఐసోటోప్. మన దేశంలో ట్రాంబే రియాక్టర్‌లో తయారవుతుంది. ఎనిమిది రోజులకి సగం తగ్గిపోతుంది. జుట్టు ఊడదు, ఇది కీమో కాదు. డోసు ఎక్కువైతే ప్రత్యేక గదిలో ఉంచుతారు. ఇంటికొచ్చాక కూడా కొన్నాళ్లు చంటిపిల్లలకి, గర్భిణులకి దూరంగా ఉండాలి. మెడుల్లరీ, అనాప్లాస్టిక్ కణాలు అయోడిన్ తీసుకోవు, వాళ్లకి ఇది పనిచేయదు. రకం అడగమన్నది ఇందుకే.

దీనికి ముందు ఒకటి రెండు వారాలు అయోడిన్ తగ్గించిన తిండి. మనకి అసలు పరీక్ష ఇదే: చేపల పులుసు బంద్, రొయ్యలు బంద్, ఎండు చేపలు బంద్, ప్యాకెట్ ఉప్పు బంద్. మైపాడు బీచ్ వైపు ఇళ్లలో ఈ మాట చెప్పి చూడండి, క్యాన్సర్ కంటే దీనికే ఎక్కువ బాధపడతారు. ఏ ఉప్పు వాడాలో ఆసుపత్రి డైట్ షీట్‌లో ఉంటుంది, అదే ఫాలో అవ్వండి. ఇంకోటి, మామూలు రోజుల్లో "ఇసకపల్లి కొటార్ల ఉప్పు సముద్రం ఉప్పే కదా, అయోడిన్ బోలెడుంటుంది" అనుకునేవాళ్లకి: ఎండబెట్టిన కల్లుప్పులో అయోడిన్ దాదాపు మిగలదు. తర్వాత కలిపితేనే ఉంటుంది.

గ్రంథి మొత్తం తీసేస్తే జీవితాంతం థైరాక్సిన్ మాత్ర. పొద్దున్నే పరగడుపున, నీళ్లతో. కాఫీ అరగంట, గంట తర్వాతే. కాల్షియం మాత్రకీ దీనికీ నాలుగు గంటల గ్యాప్. ఏళ్ల తరబడి టీఎస్‌హెచ్, థైరోగ్లోబ్యులిన్ టెస్టులుంటాయి, ఎందుకంటే ఈ క్యాన్సర్ పదేళ్ల తర్వాత కూడా తిరిగి రావచ్చు. చాలామంది జారిపోయేది ఇక్కడే. ఆపరేషన్ అయిపోయింది, బాగానే ఉన్నా కదా అని చెకప్ మానేస్తారు.

దీని రెండో వైపు కూడా చూడండి. దక్షిణ కొరియాలో ఏ లక్షణం లేనివాళ్లకి కూడా మెడ స్కాన్‌లు చేసేసరికి 1993 నుంచి 2011కి కేసులు పదిహేను రెట్లయ్యాయి. మరణాలు మాత్రం అలాగే ఉన్నాయి. అంటే ఎప్పటికీ ఇబ్బంది పెట్టని చిన్న గడ్డల్ని వెతికి పట్టుకుని కోశారన్నమాట. జపాన్‌లో కోబేలోని కుమా హాస్పిటల్ 1993 నుంచే సెంటీమీటర్ లోపు పాపిల్లరీ గడ్డల్ని కొందరిలో కోయకుండా స్కాన్లతో గమనిస్తూ వస్తోంది. చాలామందిలో అవి పెరగనేలేదు. కాబట్టి ఏ ఇబ్బందీ లేకుండా ఆఫర్ ఉందని మెడ స్కాన్ ప్యాకేజీ కొనకండి.

ఈ జబ్బు ఆడవాళ్లలోనే ఎక్కువ, చిన్న వయసులోనూ వస్తుంది. దాంతో మన ఊళ్లలో "పెళ్లి కావాల్సిన పిల్ల, మెడ మీద కోత పడితే ఎట్లా" అని దాచిపెడతారు. కోత సాధారణంగా మెడ ముడతలోనే వేస్తారు, కొన్నేళ్లకి గీతలా మిగులుతుంది. పిల్లలూ పుడతారు. రేడియో అయోడిన్ తీసుకుంటే ఆరు నెలల నుంచి ఏడాది ఆగమంటారు, అంతే. గర్భంలో థైరాక్సిన్ ఆపకూడదు, డోసు పెంచాల్సి కూడా రావచ్చు.

మనవాళ్లకి నెల్లూరు నుంచి దగ్గర దారులు తిరుపతి స్విమ్స్, చెన్నై అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, వెల్లూరు సీఎంసీ. పొలం బేరం పెట్టకముందు ఆరోగ్యశ్రీ, అదే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్‌లో ఆరోగ్యమిత్రని కలిసి ఏది కవర్ అవుతుందో కనుక్కోండి. వెళ్లేటప్పుడు స్కాన్ రిపోర్ట్‌తో పాటు సూది పరీక్ష స్లైడ్స్ కూడా అడిగి పట్టుకెళ్లండి. పెద్దాసుపత్రుల్లో వాటిని మళ్లీ చూస్తారు. చెల్లీ, మీ అమ్మ రిపోర్ట్‌లో గడ్డ సైజు ఎన్ని సెంటీమీటర్లని రాశారో చూసి, సర్జన్‌ని "సగం తీస్తే సరిపోతుందా?" అని అడుగు.