వంటింటి పొగను కొలిచిన శాస్త్రవేత్త

అన్నం ప్రాణాధారం. కాని ఆ అన్నం వండే పొయ్యి పొగ వండేవారి ప్రాణానికే ముప్పు తెస్తుందని లోకం చాలాకాలం గుర్తించలేదు. ఊదుగొట్టంతో నిప్పు రాజేస్తూ, కళ్లు తుడుచుకొనే తల్లిని చూచి అది సంసారంలో సహజమే అనుకొన్నాం.

ఆ పొగను కొలిచి, దాని కీడును లోకానికి చాటినవారిలో అగ్రగణ్యుడు కిర్క్ స్మిత్. ఆయన అమెరికాలో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు. పర్యావరణ రంగంలో విశేష కృషికి ఇచ్చే టైలర్ పురస్కారం 1973లో ఏర్పడింది. 2012లో దానిని స్మిత్, జాన్ సైన్‌ఫెల్డ్‌తో కలిసి అందుకొన్నారు. గాలిలో సూక్ష్మకణాలు ఎలా పుట్టి, ఎలా మారుతాయో సైన్‌ఫెల్డ్ వివరించారు. అవి ఊపిరిలో చేరితే ఏమవుతుందో స్మిత్ చూపారు.

పొగ అంటే కేవలం వాయువు కాదు. అందులో అసంఖ్యాకమైన కణాలుంటాయి. పెద్ద కణాలను ముక్కు, గొంతు అడ్డుకొంటాయి. 2.5 మైక్రాన్లకు లోబడిన కణాలు తల వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతైనా ఉండవు. అవి ఊపిరితిత్తుల లోపలి వాయుగోణుల వరకు చొచ్చుకుపోతాయి. పసిపిల్లలకు న్యుమోనియా, పెద్దలకు శ్వాసకోశ వ్యాధులు, గుండెజబ్బులు కలగడానికి ఇవి కారణమవుతాయి.

1980 దశకం ఆరంభంలో స్మిత్ బృందం గుజరాత్ పల్లెలకు వచ్చింది. అక్కడ వంట చేసే స్త్రీలు పీల్చే గాలినే చిన్న పరికరాలతో కొలిచింది. పొగ ఎక్కడ ఎక్కువగా వెలువడుతుందన్నది కాదు, మనిషి ఎక్కడ ఊపిరి పీలుస్తాడన్నదే ముఖ్యమని ఆయన సిద్ధాంతం. ఎత్తైన కర్మాగారపు గొట్టం నుండి వెలువడే పొగ ఆకాశంలో పలచబడుతుంది. వంటింటి పొగ నేరుగా తల్లీబిడ్డల ఊపిరిలో చేరుతుంది.

తరువాత గ్వాటెమాలాలో ఆయన బృందం సుమారు 500 ఇళ్లను ఎంచుకొని, సగం ఇళ్లకు పొగగొట్టమున్న పొయ్యిలను ఇచ్చింది. 2011లో ఫలితాలు వెలువడ్డాయి. ఆ ఇళ్లలోని శిశువులకు తీవ్రమైన న్యుమోనియా దాదాపు మూడోవంతు తగ్గింది. కాని మొత్తం న్యుమోనియా కేసులు స్పష్టంగా తగ్గలేదు. స్మిత్ ఈ సత్యాన్ని దాచలేదు. కట్టెల పొయ్యిని బాగుచేయడం చాలదని, పేదలకు గ్యాసు, విద్యుత్తు వంటి స్వచ్ఛమైన ఇంధనమే అందాలని వాదించారు.

మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్జ్వల పథకం పేద మహిళలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చాయి. అయినా సిలిండరు ఖాళీ అయినప్పుడు మళ్లీ కొనుక్కొనే స్తోమత లేక కట్టెలు రాజేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఇళ్లలోని పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. స్మిత్ కూడా ఆ ఏడాదే కన్నుమూశారు.

పురస్కారం ఆయనకు కీర్తి తెచ్చింది. పొగ లేని వంటింట్లో ఒక తల్లి హాయిగా ఊపిరి పీల్చుకొన్న నాడే ఆయన శ్రమ ఫలించినట్లు.