నోట్లోకెళ్లే బొమ్మ

శివరాత్రికి రామతీర్థం జాతరలో మా అక్క కొడుక్కి ఓ గిలక్కాయ కొన్నాను. వాడికి పళ్లొస్తున్నాయి, ఏదిచ్చినా నోట్లోకే. కాసేపటికి పెదాలు ఎర్రగా అయిపోయాయి. రంగు! “ఏట్రా ఇది, విషం కొనితెచ్చావా?” అంటూ అక్క దాన్ని అవతలికి విసిరేసింది.

అప్పుడే ఏటికొప్పాక బొమ్మల గురించి చదివాను. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో అంకుడు కర్రని లేతు మీద తిప్పుతూ రంగు కలిపిన లక్కని అదిమి పడతారు. రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. బ్రష్షుతో పనే లేదు. (మన వర్క్‌షాపులో ఆ వేడి నా వేళ్లు కాలడానికే పనికొచ్చింది.) మధ్యలో రసాయన రంగులొచ్చాయి. సి.వి.రాజుగారు కళాకారులతో కలిసి పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల రంగుల్ని మళ్లీ తెచ్చారు. పిల్లల బొమ్మల్లో సీసం ఉంటే చాలా దేశాలు ఒప్పుకోవు. ఈ బొమ్మలు సముద్రం దాటడంలో ఆ రంగుల పాత్ర పెద్దదే. 2017లో జీఐ గుర్తింపు, 2023లో రాజుగారికి పద్మశ్రీ వచ్చాయి.

ఫ్రాన్స్‌లో 1961లో పుట్టిన సోఫీ అనే జిరాఫీ బొమ్మని కూడా సహజ రబ్బరుతోనే చేస్తారు. దాన్నిప్పుడు ఎన్నో దేశాల పిల్లలు కొరుకుతున్నారు.

మొన్న మావాడికి ఏటికొప్పాక గిలక్కాయ తెచ్చాను. అక్క ముందు తడిగుడ్డతో గట్టిగా రుద్ది, గుడ్డ చూసుకుని, అప్పుడు వాడి చేతికిచ్చింది.