భూమి ఆగినా ఆగని ఊగుడు

భూకంపం ఆగిపోయి గంటలు, ఒక్కోసారి రోజులు గడిచినా కాళ్లకింద నేల ఇంకా కదులుతున్నట్టే అనిపించడం, కూర్చున్నచోటే ఒళ్లు తూలినట్టు ఉండడం, తల తిరగడం, కడుపులో వికారం పుట్టడం చాలామందిలో కనిపించే లక్షణాలు. రాత్రి పడుకున్న మనిషి ఉన్నట్టుండి లేచి కూర్చుని, మళ్లీ వచ్చిందా అని పక్కవాళ్లను అడుగుతాడు. వాళ్లకేమీ తెలిసి ఉండదు. పైకప్పుకు వేలాడే బల్బు నిశ్చలంగానే ఉంటుంది. ఆ మనిషికి తెలిసిన ఊగుడు మాత్రం కల్పన కాదు. లోపలి చెవి, కళ్లు, కండరాలు, మెదడు కలిసి శరీరాన్ని నిలబెట్టే ఏర్పాటు కాసేపు లెక్క తప్పినప్పుడు కలిగే అనుభూతి అది. దానికి శరీరధర్మ కారణాలున్నాయి. దాన్ని పిరికితనం కింద కొట్టిపారేయడం అన్యాయం.

మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న దెగ్లూర్ లాంటి ఊళ్లకు ఈ సంగతి దూరపుది కాదు. మరాఠీతోపాటు తెలుగు, కన్నడం, ఉర్దూ వినిపించే ఈ పట్టణం 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలకు లాతూరు జిల్లా కిల్లారి దగ్గర 6.2 తీవ్రతతో భూమి కంపించింది. దెగ్లూర్‌కు అక్కడికి గీత గీసినట్టు కొలిస్తే దాదాపు 120 కిలోమీటర్లు. ముందు రోజు అనంత చతుర్దశి. వినాయక నిమజ్జనం ముగించుకుని ఊళ్లకు ఊళ్లు అలసి నిద్రపోతున్న వేళ అది. బురదమట్టితో పేర్చిన మందపాటి రాతిగోడలు, వాటిమీద మొయ్యలేనంత మట్టికప్పు ఉన్న ఇళ్లు నిద్రిస్తున్నవాళ్లమీదే కూలాయి. దాదాపు 10 వేల మంది చనిపోయారు. దక్కన్ పీఠభూమి స్థిరమైనదన్న నమ్మకంతో అప్పటి భూకంప పటం ఆ ప్రాంతాన్ని అతి తక్కువ ముప్పున్న మొదటి మండలంలో చేర్చింది. 2002లో పటాన్ని సవరించినప్పుడు మొదటి మండలాన్నే తీసేశారు.

కిల్లారితో ఆ కథ ముగియలేదు. 2000ల చివరి ఏళ్లలో నాందేడ్ పట్టణంలో చిన్న చిన్న ప్రకంపనలు గుంపుగా వచ్చాయి. 2024 మార్చి 21న ఉదయం 6 గంటల 8 నిమిషాలకు పక్కనున్న హింగోలి జిల్లాలో 4.5 తీవ్రతతో భూమి కదిలింది. పది నిమిషాలు దాటగానే 3.6 తీవ్రతతో మరోసారి కదిలింది. అదే ఏడాది జులై 10న హింగోలిలోనే మళ్లీ 4.5 నమోదైంది. డిసెంబర్ 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం తెలంగాణ అంతటా తెలిసింది. వీటిలో ఎక్కువభాగం ఇళ్లు కూల్చేంత పెద్దవి కావు. అయినా, ఒకసారి కదిలిన నేల మళ్లీ కదులుతుందేమో అన్న ఎదురుచూపును మనుషుల్లో నిలిపి ఉంచడానికి అవి చాలు. తలతిరుగుడు విషయంలో ఈ ఎదురుచూపు పాత్ర చాలా పెద్దది.

శరీరం తూలకుండా నిలబడడానికి మెదడుకు మూడు చోట్ల నుంచి సమాచారం అందాలి. మొదటిది లోపలి చెవి. అక్కడ మూడు అర్ధవర్తుల కుల్యలు ఒకదానికొకటి అడ్డంగా మూడు తలాల్లో అమరి ఉంటాయి. తల తిప్పగానే వాటిలోని ద్రవం కాస్త వెనకబడుతుంది. ఆ ఒత్తిడికి సన్నని కేశకణాలు వంగి, తల ఏ వైపు తిరిగిందో నాడి ద్వారా చెబుతాయి. కుల్యల మొదట్లో రెండు చిన్న సంచులున్నాయి. వాటిలో జిగురుపొర మీద కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు పరుచుకుని ఉంటాయి. ఒక్కో స్ఫటికం మిల్లీమీటరులో వందో వంతు చుట్టుపక్కల ఉంటుంది. శరీరం ముందుకో పక్కకో పైకో కదిలితే బరువైన ఈ స్ఫటికాలు వెనకబడి పొరను లాగుతాయి, కింది కేశకణాలు వంగుతాయి. భూమి పక్కకు ఊగినప్పుడు, పైకి ఎగదన్నినప్పుడు లోపలి చెవిలో పసిగట్టేవి ఈ సంచులే.

రెండో సమాచారం కళ్లది. మూడోది పాదాల చర్మం, చీలమండలు, మోకాళ్లు, మెడ కండరాల నుంచి వచ్చేది. చిన్నమెదడు, మెదడుకాండం ఈ మూడింటినీ పోల్చి చూసి, ఇందులో నా కదలిక ఎంత, బయటి కదలిక ఎంత అని తేలుస్తాయి. ఈ లెక్క ఎంత అవసరమో తెలియాలంటే కదలకుండా నిలబడ్డ మనిషిని గమనించాలి. అలా నిలబడ్డ శరీరం నిజానికి కదలకుండా ఉండదు. చీలమండల దగ్గర ఆనుకుని ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా ఊగుతూనే ఉంటుంది. ఊపిరికి ఛాతీ కదులుతుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ రక్తం ఎగదన్నిన ఊపుకు ఒళ్లంతా కంటికి కనిపించనంతగా అదురుతుంది. ఇవన్నీ తన సొంత కదలికలేనని మెదడుకు తెలుసు కాబట్టి వాటిని ముందే అంచనా వేసి తీసేస్తుంది. అందుకే మామూలు రోజుల్లో ఈ ఊగుడు తెలియదు.

భూకంపం వచ్చినప్పుడు ఈ లెక్క రెండు చోట్ల దెబ్బతింటుంది. మొదటిది ఇంద్రియాల మధ్య వైరుధ్యం. ఇంట్లో ఉన్న మనిషితోపాటు గోడలు, బీరువా, మంచం అన్నీ కలిసి ఊగుతాయి. కంటికి గది దాదాపు ఉన్నచోటే ఉన్నట్టు కనిపిస్తుంది. లోపలి చెవి మాత్రం కదులుతున్నామని గట్టిగా చెబుతుంది. పాదాలు మూడో మాట చెబుతాయి. ఓడలో కింది అంతస్తు గదిలో ఉన్నవాళ్లకు కడుపు తిప్పడానికి కారణం ఇదే వైరుధ్యం. బస్సు ప్రయాణం పడని వాళ్లను భూకంపం తర్వాత తలతిరుగుడు ఎక్కువగా బాధిస్తుందన్న గమనిక దీనితో సరిపోతుంది. జపాన్‌లో జరిగిన పరిశీలనల్లో ఇంటి లోపల ఉన్నప్పుడు లక్షణాలు ఎక్కువగా కనిపించడానికి కూడా ఇదొక కారణం కావచ్చు.

రెండోది మెదడు అంచనా మారిపోవడం. అప్పటిదాకా నేల కదలదన్న నమ్మకం మీద నడిచిన లెక్క, పెద్ద కుదుపు తర్వాత, దాని వెనకాలే వచ్చే అనంతర ప్రకంపనల తర్వాత, నేల ఎప్పుడైనా కదలవచ్చు అన్న అంచనాకు మారుతుంది. చిన్న సంకేతాన్నీ వదలకుండా పట్టుకోవడానికి మెదడు తన హద్దును దించుకుంటుంది. అప్పటిదాకా తీసేస్తూ వచ్చిన సొంత ఊగుడు, గుండెచప్పుడు అదురు ఇప్పుడు లెక్కలోకి వస్తాయి. వాటిని మెదడు నేల కదలికగా చదువుతుంది. పడుకున్నప్పుడు, నిశ్శబ్దంగా కూర్చున్నప్పుడు ఇది ఎక్కువ. వేరే కదలికలేవీ లేని ఆ వేళ గుండె అదురొక్కటే మిగులుతుంది. నిజమైన చిన్న ప్రకంపనలు కూడా నడిచేవాళ్లకంటే పడుకున్నవాళ్లకూ పై అంతస్తుల్లో ఉన్నవాళ్లకూ బాగా తెలుస్తాయి కాబట్టి, ఏది నిజం ఏది కాదు అన్న అయోమయం ఆ సమయంలోనే పెరుగుతుంది.

దీనికి భయం తోడవుతుంది. లోపలి చెవి నుంచి సంకేతాలు అందుకునే మెదడుకాండ కేంద్రాలకు, భయాన్నీ ఆందోళననూ నడిపే భాగాలకు నేరుగా నాడీ సంబంధాలున్నాయి. తూలినట్టు అనిపించగానే గుండె వేగం పెరుగుతుంది, చెమటలు పోస్తాయి, ఊపిరి గబగబా ఆడుతుంది. వేగంగా ఊపిరి పీల్చి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, మెదడు రక్తనాళాలు సన్నబడి, తల మరింత తేలిపోయినట్టవుతుంది. గుండె గట్టిగా కొట్టుకున్నకొద్దీ ఒంటి అదురు కూడా పెరిగి మళ్లీ భూకంపంగానే తోస్తుంది. నిద్రలేమి, సరిగా తినకపోవడం, నీళ్లు తాగకపోవడం ఈ చక్రాన్ని ఇంకా తిప్పుతాయి. కిల్లారి తర్వాత బాధిత గ్రామాల్లో జనం వానలో, ఆరుబయట, అయినవాళ్లను పోగొట్టుకుని గడిపారు. అక్కడి బాధితులను పరీక్షించి 1996లో ప్రచురించిన ఒక మనోవైద్య అధ్యయనం సగానికి పైగా మందిలో ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని తేల్చింది. ఆ స్థితిలో ఉన్న శరీరం తూలడంలో వింత లేదు.

ఈ లక్షణాలను పట్టుబట్టి పరిశీలించినవాళ్లు జపాన్ చెవి వైద్యులు. 2011 మార్చి 11న 9.0 తీవ్రతతో తోహొకు భూకంపం వచ్చాక ఆస్పత్రులకు తలతిరుగుడుతో వచ్చేవాళ్లు పెరగడంతో అక్కడ దీన్ని ఒక ప్రత్యేక రోగలక్షణ సముదాయంగా గుర్తించి పేరు పెట్టారు. శరీర సమతుల్యతను కొలిచే పలకల మీద బాధితులను నిలబెట్టి పరీక్షించినవారు సమతుల్యతలో తేడాలు కనిపిస్తాయనీ, ఆందోళనతో వాటికి సంబంధం ఉందనీ గమనించారు. 2016 ఏప్రిల్‌లో కుమమోతోలో 28 గంటల తేడాతో రెండు పెద్ద భూకంపాలు, వాటి వెనక లెక్కలేనన్ని ప్రకంపనలు వచ్చినప్పుడు అక్కడ కూడా ఇలాంటి సర్వేలు జరిగాయి. మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఈ బాధ ఎక్కువగా కనిపించింది. చాలామందిలో ఊగుడు ఒక్కో విడత కొన్ని సెకన్లో, నిమిషం లోపో ఉండి పోతుంది, తర్వాత మళ్లీ వస్తుంది. అనంతర ప్రకంపనలు తగ్గేకొద్దీ ఇదీ తగ్గుముఖం పడుతుంది. సాధారణంగా రోజులు, వారాల్లో పోతుంది.

తల తిరిగిన ప్రతిసారీ కారణం ఇదే కానక్కర్లేదు. మంచంలో పక్కకు ఒత్తిగిలినప్పుడు, పైకి చూసినప్పుడు, కిందికి వంగినప్పుడు గది గిర్రున తిరిగి, నిమిషం లోపే ఆగిపోతే అది వేరే జబ్బు. లోపలి చెవి సంచిలోని స్ఫటికాలు కొన్ని ఊడి అర్ధవర్తుల కుల్యలోకి జారినప్పుడు అలా అవుతుంది. తలకు దెబ్బ తగిలినా, చాలా రోజులు ఒకే వైపు పడుకుని ఉన్నా ఇది రావచ్చు. దీనికి మందులకంటే తలను కొన్ని భంగిమల్లో వరసగా తిప్పి స్ఫటికాలను మళ్లీ సంచిలోకి చేర్చే పద్ధతి బాగా పనిచేస్తుంది. అమెరికా వైద్యుడు జాన్ ఎప్లీ పేరుతో దాన్ని పిలుస్తారు. తెలిసిన చెవి, ముక్కు, గొంతు వైద్యుడు అయిదారు నిమిషాల్లో చేయగలడు. భూకంపం తర్వాతి ఊగుడులో గది గిర్రున తిరగదు. పడవలో ఉన్నట్టు ముందుకూ వెనక్కూ, పక్కలకూ మెల్లగా తూగుతుంది. తల కదలికతో దానికి పెద్దగా సంబంధం ఉండదు. వైద్యుడికి ఈ ఒక్క తేడా సరిగ్గా చెప్పగలిగితే సగం పరీక్ష అయిపోయినట్టే.

కొద్దిమందిలో మాత్రం ఊగుడు నెలల తరబడి నిలిచిపోతుంది. మూడు నెలలు, అంతకు మించి, ఎక్కువ రోజుల్లో ఉంటూ, నిలబడ్డప్పుడూ జనం కదిలే చోటా ఎక్కువయ్యే తూలుడుకు సమతుల్యత వైద్యుల అంతర్జాతీయ సంఘం బరానీ సొసైటీ 2017లో నిర్ధారణ ప్రమాణాలు ప్రచురించింది. లోపలి చెవి మీద చేసిన పరిశోధనకు 1914 నోబెల్ బహుమతి పొందిన రాబర్ట్ బరానీ పేరే ఆ సంఘానికి పెట్టారు. ఈ రకానికి సమతుల్యతను మళ్లీ నేర్పే వ్యాయామాలు, ఆందోళన తగ్గించే మాటల చికిత్స, అవసరమైతే కొన్ని మందులు కలిపి ఇస్తారు.

మామూలు ఊగుడుకు ముందుగా చేయవలసిన పని నిజానిజాలు తేల్చుకోవడం. గ్లాసులో అంచుదాకా నీళ్లు పోసి కదలని గట్టుమీద పెట్టాలి. ఊగినట్టు అనిపించినప్పుడల్లా నీటి ఉపరితలం వైపు చూడాలి. నేల నిజంగా కదిలితే నీటిమీద అలలు కనిపిస్తాయి. కదలకపోతే ఆ నిశ్చలమైన నీరే కంటి ద్వారా మెదడుకు సరైన సమాచారం అందిస్తుంది, చెవి చెప్పేదాన్ని సరిదిద్దుకునే అవకాశం దొరుకుతుంది. ఢిల్లీలోని జాతీయ భూకంప కేంద్రం వెబ్‌సైట్‌లో, భూకంప్ అనే యాప్‌లో దేశంలోని భూకంపాల వివరాలు కొద్దిసేపట్లోనే కనిపిస్తాయి. అనుమానం తీర్చుకోవడానికి అదొక ఆధారం. అయితే రోజంతా ఫోన్ చూస్తూ కూర్చోవడం వల్ల మేలు జరగదు. దగ్గరి తెరమీద కళ్లు నిలిపితే తూలుడు పెరగవచ్చు.

కిటికీలోంచి దూరంగా ఉన్న చెట్టునో గుట్టనో చూడడం, బయటికి వచ్చి నేలమీద నడవడం వల్ల కళ్లూ పాదాలూ చెవీ ఒక మాటమీదికి వస్తాయి. ఊపిరి మెల్లగా, బయటికి వదిలేది ఎక్కువసేపు ఉండేలా తీసుకోవాలి. వేళకు తిండి, నీళ్లు, నిద్ర ఉండాలి. టీ, కాఫీలు తగ్గించాలి. మంచం పట్టి కదలకుండా ఉంటే మెదడుకు లెక్క సరిచేసుకునే అవకాశం దొరకదు, అందుకే మెల్లగానైనా మామూలు పనుల్లోకి దిగడమే మంచిది. వికారం మరీ ఎక్కువైతే తలతిరుగుడు మాత్రలు వైద్యుడి సలహాతో ఒకటి రెండు రోజులు వాడవచ్చు. వాటిని వారాల తరబడి మింగితే మెదడు సర్దుకునే పని ఆలస్యమవుతుంది. మందుల దుకాణంలో అడిగి కొనుక్కునేవాళ్లు ఇది ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాలి.

ముసలివాళ్లకు ఇంకో ముప్పుంది. రాత్రి ఉలిక్కిపడి లేచి చీకట్లో గుమ్మం వైపు పరుగెడితే పడి తుంటి ఎముక విరగవచ్చు. భూకంపం వచ్చిన వారాల్లో మంచం పక్కన చిన్న దీపం, దారిలో అడ్డంలేని నేల, చేతికి కర్ర ఉంచాలి. పిల్లలు కడుపునొప్పి అనో తలనొప్పి అనో చెబుతారే తప్ప ఊగుతోందని చెప్పలేకపోవచ్చు. విసుక్కోకుండా అడిగి తెలుసుకోవాలి.

తలతిరుగుడుతోపాటు మాట తడబడినా, మూతి వంకర పోయినా, ఒక పక్క చేయో కాలో బలం తగ్గినా, వస్తువులు రెండుగా కనిపించినా, ఒక చెవి ఉన్నట్టుండి వినిపించకపోయినా, ఎన్నడూ లేనంత తలనొప్పి వచ్చినా భూకంపం ప్రభావమే అనుకుని ఇంట్లో ఉండిపోకూడదు. అవి పక్షవాతానికో, మరో తీవ్రమైన జబ్బుకో సూచనలు కావచ్చు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.