పాత ట్రాక్టరు కొనేముందు

మన సభ్యుల్లో కొందరు ఊరికి కాస్త దూరంగా మూడెకరాలో ఐదెకరాలో స్థలంతో ఇళ్ళు కొనుక్కుంటున్నారు. వేసవిలో గడ్డి, చలికాలంలో మంచు, దారికి కంకర... ఏడాది తిరిగేసరికి మిషను లేనిదే పని సాగదని తెలిసొస్తుంది. కొత్తది ఖరీదు. పాతది చూద్దామంటే కాంపాక్ట్ ట్రాక్టరా, స్కిడ్ స్టీరా అన్నది మొదటి ప్రశ్న.

గడ్డి కోయడం, కూరగాయల మడి దున్నడం, మంచు తోయడం ఏటా ఉండే పనులు. వీటికి ట్రాక్టరే సరి. వెనుక త్రీ పాయింట్ హిచ్, పీటీఓ ఉంటాయి కాబట్టి ఒకే బండికి కోత మిషను, రోటవేటరు, బ్లేడు మార్చి మార్చి తగిలించుకోవచ్చు. మొద్దులు పెకలించడానికి, మట్టి చదును చేయడానికి స్కిడ్ స్టీర్ గట్టిది. కానీ అది మలుపు తిరిగేటప్పుడు చక్రాలు నేలను ఈడ్చుకుపోతాయి, పచ్చిక లేచిపోతుంది. అలాంటి పని సాధారణంగా ఇల్లు కొన్న కొత్తలో కొద్ది రోజులే ఉంటుంది. దానికి అద్దె బండి చాలు.

ఇటీవలి మోడళ్ళలో 25 హార్స్‌పవర్ దాటిన డీజిల్ ఇంజన్లకు చాలావరకు మసి పట్టే ఫిల్టరు ఉంటుంది. అది పాడైతే ఖర్చు ఎక్కువ. ఐదెకరాల లోపు స్థలానికి సాధారణంగా అంతకు తక్కువది సరిపోతుంది.

ధరకంటే ముందు చూడవలసింది సీటు వెనుక ఉండే ఇనుప కమాను. దీన్ని రోప్స్ అంటారు. అమెరికాలో వ్యవసాయ పనుల్లో జరిగే మరణాలకు ట్రాక్టరు తిరగబడటం ఒక ముఖ్య కారణం. 20 హార్స్‌పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకు 1985 నుంచి తయారీదారులు రోప్స్ బిగిస్తున్నారు. అంతకు ముందువాటికి ఉండకపోవచ్చు. జపాన్‌లో వాడి ఇక్కడికి తెచ్చిన ‘గ్రే మార్కెట్’ బళ్ళు చౌకగా వస్తాయి. వాటిలో చాలావాటికి కమాను ఉండదు, విడిభాగాలు దొరకడమూ కష్టం. కమాను ఉన్నా బెల్టు పెట్టుకుంటేనే రక్షణ. మన ఊళ్ళలో మడ్‌గార్డు మీద కూర్చుని తిరిగిన రోజులు గుర్తొచ్చి పిల్లల్ని ఎక్కించుకోకండి. సీటు ఒకటే, మనిషీ ఒక్కరే.

బండి చూడటానికి వెళ్ళినప్పుడు:

• “మేం వచ్చేదాకా స్టార్ట్ చేయకండి” అని ముందే చెప్పండి. వెళ్ళగానే బానెట్ తాకి చూడండి. వేడిగా ఉంటే, చల్లటి ఇంజన్ స్టార్ట్ కావడానికి మొరాయిస్తుందేమో అడగండి.

• గంటల మీటరును ఒక్కదాన్నే నమ్మకండి. పెడళ్ళు, సీటు, టైర్ల అరుగుదల దానితో పొసగాలి.

• హైడ్రాలిక్ ఆయిలు పాలలా తెల్లబడితే నీళ్ళు చేరినట్టే.

• లోడరు బకెట్‌ను కొంచెం ఎత్తి, ఇంజన్ ఆపి, దూరంగా నిలబడి చూడండి. త్వరగా కిందికి దిగిపోతే సీళ్ళో వాల్వో అరిగినట్టు.

• పీటీఓ మీద కవచం ఉండాలి. అది నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు 9 చుట్లు తిరుగుతుంది. చున్నీ అంచు చిక్కినా లాక్కునే వ్యవధి ఉండదు.

• సీరియల్ నంబరు రాసుకుని, బండి మీద అప్పు మిగిలి ఉందేమో విచారించండి. అప్పిచ్చినవారు మీ దగ్గర్నుంచి బండి తీసుకుపోయే ప్రమాదం ఉంది.

కమాను లేని బండి మరీ నచ్చితే, ఆ మోడల్‌కు తగిన రోప్స్ కిట్ దొరుకుతుందని తేలాకే బయానా ఇవ్వండి. దొరకకపోతే, ఎంత చౌకైనా వదిలేయండి.