కొత్త రూటర్, పాత ల్యాప్‌టాప్: మధ్యలో ఒక చిన్న కార్డు

ఖరగ్‌పూర్‌లో తెలుగు వినడానికి వెతుక్కుంటూ పోనక్కరలేదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి పనికోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాల మనవలు, మునిమనవలు మథురాకాటి, నిమ్‌పురా రైల్వే కాలనీల్లో, గోల్‌బజార్ సందుల్లో కనిపిస్తారు. ఆ ఇళ్లకు ఇప్పుడు ఫైబర్ ఇంటర్నెట్ వస్తోంది. కొత్త రూటర్ బిగించి వెళ్లగానే ఫోన్లన్నీ దానికి కలుస్తాయి. బీరువాలోంచి తీసిన 2011 నాటి ల్యాప్‌టాప్‌లో మాత్రం కొన్నిసార్లు ఆ రూటర్ పేరే కనిపించదు. కనిపించినా పాస్‌వర్డ్ అడిగి వెనక్కి తిరుగుతుంది, లేదా వీడియో నిమిషానికోసారి ఆగుతుంది.

ల్యాప్‌టాప్ పాతబడిపోయింది, ఇక కొత్తది కొనాల్సిందే అనే నిర్ణయం సాధారణంగా ఇక్కడే జరుగుతుంది. డిగ్రీ చదివే పిల్లలున్న ఇంట్లో అది చిన్న ఖర్చు కాదు. ఇదే ఊళ్లోని ఐఐటీ అభివృద్ధి చేసిన జాతీయ డిజిటల్ గ్రంథాలయాన్ని 2018 జూన్ 19న దేశానికి అంకితం చేశారు. అందులోని పుస్తకాలు చదవడానికి, ఎన్‌పీటెల్ పాఠాలు చూడడానికి పదమూడేళ్ల నాటి కోర్ ఐ3 ప్రాసెసర్, నాలుగు జీబీల మెమరీ, పాత హార్డ్ డిస్క్ స్థానంలో ఒక ఎస్‌ఎస్‌డీ ఉంటే చాలావరకు సరిపోతాయి. తరచుగా వెనకబడి ఉండేది లోపలున్న అగ్గిపెట్టె కన్నా చిన్నదైన వైర్‌లెస్ కార్డు. దాన్ని మార్చవచ్చు.

ముందు రూటర్ పేరు ఎందుకు కనిపించదో చూద్దాం. వైఫై ప్రధానంగా రెండు పౌనఃపున్య పట్టీల్లో నడుస్తుంది: 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. 2009లో ఖరారైన 802.11ఎన్ ప్రమాణం రెండింటిలోనూ పనిచేయగలదు. కానీ ఆ కాలపు చవక ల్యాప్‌టాప్‌లలో పెట్టిన కార్డులు ఎక్కువగా 2.4 ఒక్కదానికే పరిమితం. 2013లో వచ్చిన 802.11ఏసీ పూర్తిగా 5 గిగాహెర్ట్జ్‌కు చెందినది. కాబట్టి రూటర్‌లో 5 గిగాహెర్ట్జ్‌కు వేరే పేరు పెట్టి ఉంటే పాత కార్డుకు అది కనిపించే అవకాశమే లేదు. ఇంకో కారణం కాస్త విచిత్రమైనది. 2.4 పట్టీలో మన దేశంలో 13 ఛానళ్లు వాడవచ్చు, అమెరికాలో మామూలుగా 11 వరకే వాడతారు. అమెరికా మార్కెట్ కోసం తయారై సెకండ్‌హ్యాండ్‌గా ఇక్కడికి చేరిన ల్యాప్‌టాప్ 12, 13 ఛానళ్లను అసలు వినకపోవచ్చు. రూటర్‌ను 1, 6, 11 ఛానళ్లలో ఒకదానికి మార్చితే పైసా ఖర్చు లేకుండా సమస్య తీరుతుంది.

పేరు కనిపించి పాస్‌వర్డ్ దగ్గర ఆగిపోతే అనుమానించాల్సింది భద్రతా ప్రమాణాన్ని. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 పాత కార్డుల డ్రైవర్లకు తెలియదు. రూటర్‌లో డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిపిన పద్ధతి ఎంచుకుంటే సాధారణంగా దారి దొరుకుతుంది. కొందరు ఇంకా కిందికి దిగి డబ్ల్యూఈపీ పెడతారు. అది చేయకూడని పని. దాన్ని ఛేదించే మార్గం 2001లోనే బయటపడింది. పైగా డబ్ల్యూఈపీతో 802.11ఎన్ వేగాలను ప్రమాణమే అనుమతించదు, అంతా 54 మెగాబిట్ల పాత పద్ధతికి పడిపోతుంది. భద్రతా పోతుంది, వేగమూ పోతుంది.

ఇక గోడల సంగతి. బ్రిటిష్ కాలపు రైల్వే క్వార్టర్లలో ఇటుక గోడలు మందంగా ఉంటాయి. వేసవిని ఆపడానికి కట్టిన ఆ గోడలు రేడియో తరంగాలనూ బాగానే ఆపుతాయి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు, 5.5 గిగాహెర్ట్జ్ తరంగానిది సుమారు 5.5 సెంటీమీటర్లు. యాంటెన్నా రకం ఒకటే అయితే, దాని పరిమాణం తరంగం పొడవును బట్టి తగ్గుతుంది, కాబట్టి అది పట్టుకునే శక్తి కూడా తగ్గుతుంది. ఖాళీ ప్రదేశంలోనే 5.5 గిగాహెర్ట్జ్ సంకేతం అదే దూరంలో 2.4తో పోలిస్తే ఐదో వంతుకు చేరుతుంది. గోడలో ఇంకి పోయేది దీనికి అదనం. అందుకే రెండు గదుల అవతలికి 2.4 చేరుతుంది, 5 చేరదు. మరి 5 ఎందుకు? రద్దీ తక్కువ కాబట్టి. 2.4లో ఒకదానితో ఒకటి కలవని ఛానళ్లు మూడే. గోడకు గోడ ఆనుకున్న క్వార్టర్ల వరుసలో ఇరవై రూటర్లు ఆ మూడింటినే పంచుకుంటాయి. బ్లూటూత్ కూడా అక్కడే, మైక్రోవేవ్ అవెన్ చిందే తరంగాలూ అక్కడే. 5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో 2018 అక్టోబరులో మన ప్రభుత్వం 605 మెగాహెర్ట్జ్ వెడల్పును లైసెన్సు లేకుండా వాడుకోవడానికి తెరిచింది. పట్టణంలో కార్డు మార్చితే కలిగే అసలు లాభం ఆ ఖాళీ స్థలమే.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. ఖరగ్‌పూర్ నుంచి హౌరా 115 కిలోమీటర్లు. ఆ అవతల కలకత్తాలో 1895లో జగదీశ్ చంద్ర బోస్ గోడల గుండా తరంగాలు పంపి అవతల గంట మోగించి చూపించారు. ఆయన ప్రయోగాల్లో వాడిన తరంగాల్లో 5 మిల్లీమీటర్ల పొడవున్నవీ ఉన్నాయి, అంటే 60 గిగాహెర్ట్జ్. నేటి మామూలు ఇంటి రూటర్లలో చాలావరకు అంత పైకి వెళ్లవు.

కార్డు కొనేముందు ల్యాప్‌టాప్‌లో ఇప్పుడున్నదేమిటో తెలుసుకోవాలి. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి నెట్‌వర్క్ అడాప్టర్ల కింద చూస్తే పేరు ఉంటుంది. ఆ తర్వాత స్లాటు. 2006 ప్రాంతం నుంచి 2013 వరకు వచ్చిన ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండేది మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్. అందులో పూర్తి కార్డు పొడవు 51 మిల్లీమీటర్లు, సగం కార్డుది 27. వెడల్పు రెండింటికీ 30. సగం కార్డును పూర్తి స్లాటులో చిన్న లోహపు పట్టీతో బిగించవచ్చు, పూర్తి కార్డు సగం చోటులో పట్టదు. 2014 తర్వాతి యంత్రాల్లో ఎం.2 అనే సన్నటి రూపం వచ్చింది, 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 పొడవు.

మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటుకు ఇంటెల్ 7260 కార్డు తెలిసిన ఎంపిక. రెండు యాంటెన్నాలతో 5 గిగాహెర్ట్జ్‌లో 867 మెగాబిట్ల వరకు కలుస్తుంది. కానీ అదే 7260 సంఖ్యతో 'ఎన్' రకం కూడా ఉంది. దానిలో ఆ వేగం ఉండదు. పేరులో 'ఏసీ' అన్న అక్షరాలు ఉన్నాయో లేదో చూసి తీసుకోవాలి. ఎం.2 స్లాటు ఉన్నవాళ్లు ఏఎక్స్200, ఏఎక్స్210 చూడవచ్చు. వీటి పక్కనే అంగట్లో ఏఎక్స్201, ఏఎక్స్211 కనిపిస్తాయి. ఒక్క అంకె తేడా. అయితే వాటిలో రేడియో భాగం మాత్రమే ఉంటుంది. మిగతా సగం పని ఇంటెల్ కొత్త చిప్‌సెట్ లోపల జరుగుతుంది. పాత ల్యాప్‌టాప్‌లో అవి స్లాటులో కూర్చుంటాయి కానీ పలకవు. కలకత్తా చాందినీ చౌక్‌కు లోకల్ రైల్లో వెళ్లి కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా ఈ అంకె దగ్గరే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది. ఏఎక్స్200కు మరో షరతు: విండోస్‌లో అది 64 బిట్ల విండోస్ 10 నుంచే. లినక్స్‌లో అయితే 5.1 కెర్నల్ నుంచి డ్రైవర్ అందులోనే ఉంది. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి, ఇలాంటి యంత్రాలకు లినక్స్ ఎలాగూ ఆలోచించదగ్గదే.

సరైన కార్డే కొన్నా ల్యాప్‌టాప్ ఒప్పుకోకపోవచ్చు. కొన్ని పాత థింక్‌ప్యాడ్‌లు, హెచ్‌పీ యంత్రాలు తయారీదారు జాబితాలో లేని కార్డును చూడగానే బూట్ అవకుండా ఆగిపోతాయి. థింక్‌ప్యాడ్‌లో అయితే 1802 అనే సంఖ్యతో హెచ్చరిక కనిపిస్తుంది. ఇది విద్యుత్తు లోపమో, కార్డు లోపమో కాదు, బయాస్‌లో రాసి ఉన్న నిషేధం. రేడియో అనుమతుల కోసం అని కంపెనీలు చెప్పే కారణంలో కొంత నిజమున్నా, కొనుక్కున్నవాడి యంత్రాన్ని వాడికే తాళం వేయడం సమర్థించుకోవడం కష్టం. కాబట్టి ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో అనుమతించిన కార్డుల జాబితా చూసుకుని, అందులోని 5 గిగాహెర్ట్జ్ కార్డు సెకండ్‌హ్యాండ్‌లో వెతకడం క్షేమం.

మార్చే పని అరగంటది. ఛార్జర్ తీసి, బ్యాటరీ విడదీసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి. ఏదైనా లోహపు వస్తువును తాకి ఒంట్లోని స్థిర విద్యుత్తును వదిలించుకోవాలి. కార్డుకు రెండు సన్నటి తీగలు తగిలించి ఉంటాయి. అవి కీలు గుండా పైకి వెళ్లి తెర చుట్టూ దాగిన యాంటెన్నాలకు చేరతాయి. ఏ రంగు తీగ ఎక్కడ ఉందో ఫోన్‌తో ఫోటో తీసుకుని, కనెక్టర్‌ను నిలువుగా పైకి లేపాలి. పక్కకు లాగితే విరుగుతుంది. మినీ కార్డుల కనెక్టర్ కన్నా ఎం.2 కార్డులది చిన్నది. ఒకదానిది ఇంకోదానికి పట్టదు. స్క్రూ తీయగానే కార్డు వాలుగా పైకి లేస్తుంది, కొత్తదాన్ని అదే వాలులో దోపి కిందికి నొక్కి బిగించాలి. బెంగాల్ వానాకాలపు తేమకు బంగారు పూత కాంటాక్టుల మీద మసక పేరుకుంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడిస్తే చాలు. పాత కార్డును పారేయకుండా ఉంచుకోవాలి, కొత్తది మొరాయిస్తే అదే దిక్కు.

అంతా బిగించాక కూడా వైఫై రాకపోతే ముందు చూడాల్సింది ల్యాప్‌టాప్ అంచున ఉండే చిన్న జారుడు స్విచ్. అప్పట్లో చాలా మోడళ్లకు రేడియోను ఆపే స్విచ్ ఉండేది. సంచిలో రాసుకుని అది ఆఫ్ అయిపోవడం మామూలే.

విప్పడం ఇష్టం లేనివాళ్లకు యూఎస్‌బీ డాంగిల్ ఉంది. దాని పెట్టె మీది అంకెను మాత్రం అలాగే నమ్మకూడదు. 'ఏసీ1300' అంటే 2.4లో 400, 5లో 867 కూడి పైకి సర్దిన సంఖ్య. డాంగిల్ ఒకసారి ఒక పట్టీలోనే పనిచేస్తుంది. పాత ల్యాప్‌టాప్‌లోని యూఎస్‌బీ 2.0 గరిష్ఠం 480 మెగాబిట్లు, ఆచరణలో అంతకన్నా బాగా తక్కువ. అయినా ఇంటికి వచ్చే కనెక్షనే 100 మెగాబిట్లయితే ఈ లెక్క అనవసరం. యూఎస్‌బీ 3.0 పోర్టుకు వేరే చిక్కు ఉంది. దాని సంకేతాల నుంచి వెలువడే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో పడుతుందని ఇంటెల్ 2012లోనే కొలిచి ప్రకటించింది. పక్క పోర్టులో బయటి హార్డ్ డిస్క్ పెట్టగానే వైఫై మందగిస్తే కారణం అదే కావచ్చు. అడుగు పొడవు ఎక్స్‌టెన్షన్ తీగతో డాంగిల్‌ను దూరం జరిపితే తేడా తెలుస్తుంది. లినక్స్ వాడేవాళ్లు మీడియాటెక్ ఎంటీ7612యూ, ఎంటీ7921ఏయూ చిప్పులున్నవి ఎంచుకుంటే డ్రైవర్ వేట తప్పుతుంది.

ఫలితాన్ని గీతలతో కాక డీబీఎంలతో చూడటం మేలు. వీడియో ఆగకుండా నడవడానికి సాధారణంగా మైనస్ 67 డీబీఎం చాలంటారు. అది వాట్లలో 0.2 నానోవాట్. రూటర్ 100 మిల్లీవాట్లు పంపితే అందులో 50 కోట్లలో ఒక వంతు. అంత తక్కువ శక్తిలోంచి సెకనుకు కోట్ల బిట్లు ఏరుకుంటుంది ఆ కార్డు.

పాత కార్డును అలాగే వదిలేస్తే నష్టం ఆ ల్యాప్‌టాప్‌కే పరిమితం కాదు. ఒకే ఛానల్‌లో ఒకరు మాట్లాడుతున్నప్పుడు మిగతావాళ్లు ఆగాలి. 1,500 బైట్ల ప్యాకెట్‌ను 300 మెగాబిట్ల వేగంతో పంపడానికి 0.04 మిల్లీసెకను పడితే, దూరంగా ఉండి 6 మెగాబిట్లకు పడిపోయిన పాత కార్డుకు 2 మిల్లీసెకన్లు పడుతుంది. యాభై రెట్లు. వెనక గదిలోని ముసలి ల్యాప్‌టాప్ ముందు గదిలోని ఫోన్ వీడియోను ఆపగలదు.

ప్రపంచంలో 2022లో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగయ్యాయి. వాటిలో లెక్క ప్రకారం సేకరించి రీసైకిల్ చేసింది 22.3 శాతమే. ఒక కార్డు మార్చి ల్యాప్‌టాప్‌ను ఇంకో నాలుగేళ్లు నడిపితే ఆ కుప్పకు చేరేది కొన్ని గ్రాములు, లేకుంటే రెండు కిలోల పైన. అయితే అన్ని యంత్రాలకూ ఇది వర్తించదు. ఒక జీబీ మెమరీతో, 2006 నాటి ప్రాసెసర్‌తో ఉన్నదానికి ఏ కార్డు పెట్టినా నేటి వెబ్‌పేజీలే మోయలేని బరువవుతాయి.

గోడలు మరీ మందమైనవైతే పాత ల్యాప్‌టాప్‌కు కొత్త సన్నటి యంత్రాల్లో చాలావాటికి లేని సౌకర్యం ఒకటుంది: పక్కన ఈథర్‌నెట్ పోర్టు. కేబుల్ 100 మీటర్ల వరకు నడుస్తుంది, ఛానల్ రద్దీ లేదు, డ్రైవర్ గొడవా దాదాపు ఉండదు. గోడకు రంధ్రం వేయాలంటే మాత్రం, రైల్వే క్వార్టరైతే ముందు అనుమతి తీసుకోవాలి.