మన పిల్లలు ఏ భాషలో ఆలోచిస్తారు?



మన కుటుంబాల్లో చాలామంది పిల్లలు రోజూ నాలుగు భాషల మధ్య తిరుగుతుంటారు. ఇంట్లో అమ్మతో ఉర్దూ, వీధిలో స్నేహితులతో తెలుగు, మక్తబ్‌లో అరబ్బీ, బడి పుస్తకంలో ఇంగ్లీషు. నూర్‌బాషా కుటుంబాల వంటి చోట్ల ఇంటి భాష కూడా తెలుగే. మరి ఇన్ని భాషల మధ్య పెరిగే పిల్లవాడు అసలు ఏ భాషలో ఆలోచిస్తాడు? ‘అన్నీ కలిపేస్తున్నాడు, దేనిలోనూ నిలదొక్కుకోడేమో’ అని దిగులు పడే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. పిల్లల చదువు కోసం మనం ఇచ్చే డబ్బు సద్వినియోగం కావాలంటే దాతలకు కూడా ఈ విషయం కొంత తెలిసి ఉండాలి.

ఆలోచనంతా మాటల్లోనే జరగదు

ముందుగా ఒక సంగతి. మన ఆలోచనలో చాలా భాగానికి మాటలతో పనిలేదు. దర్జీ గుడ్డను చూడగానే ఎక్కడ కత్తిరించాలో తెలుసుకుంటాడు. వంటచేసే తల్లి దమ్ ఎప్పుడు తీయాలో వాసనతో పసిగడుతుంది. అయితే లెక్క కట్టేటప్పుడు, రేపటి పనులు వరస పెట్టుకునేటప్పుడు, ఎవరికో జవాబు చెప్పాలనుకునేటప్పుడు లోపల మాటలు నడుస్తాయి. రష్యన్ మనస్తత్వవేత్త వైగాట్‌స్కీ 1934లో వెలువడిన తన గ్రంథంలో దీన్ని వివరించాడు. పిల్లవాడు ముందు పెద్దలతో మాట్లాడతాడు, తర్వాత ఆడుకుంటూ తనతో తాను పైకి మాట్లాడుకుంటాడు, చివరికి ఆ మాటే లోపలికి వెళ్ళి ఆలోచనకు సాధనమవుతుంది. కనుక ఏ పనిని ఎవరితో, ఏ భాషలో నేర్చుకున్నామో, ఆ పని గురించిన లోపలి మాట కూడా చాలావరకు ఆ భాషలోనే ఉంటుంది.

పనిని బట్టి భాష

రెండు భాషలు వచ్చినవారిపై ఎంతోకాలం పరిశోధించిన ఫ్రాన్స్వా గ్రోజాన్ కూడా ఈ మాటే చెప్పాడు. ఒక్కో భాష జీవితంలో ఒక్కో పనికి, ఒక్కో రకం మనుషులకు ముడిపడి ఉంటుంది. ఇంట్లో ఉర్దూ తప్ప మాట్లాడని వ్యాపారి, ఎక్కాలు తెలుగు బడిలో నేర్చుకుని ఉంటే, గల్లా దగ్గర తెలుగులోనే లెక్కపెడతాడు. నమాజులో ఆయన నాలుక మీద అరబ్బీ ఉంటుంది. బిడ్డకు జ్వరం వచ్చిన రాత్రి చేతులెత్తి చేసే దుఆ మాత్రం ఉర్దూలో సాగుతుంది. ఆయన ఏ భాషలో ఆలోచిస్తాడంటే ఒక్క పేరు చెప్పలేం.

లెక్కల సంగతే చూడండి. తెలుగులో ఇరవై ఒకటి నుంచి అంకెల పేర్లు సూటిగా ఉంటాయి: ఇరవై, తొమ్మిది కలిస్తే ఇరవై తొమ్మిది. ఉర్దూలో 29 ‘ఉన్తీస్’, అంటే ముప్పైకి ఒకటి తక్కువ. వంద వరకు చాలా అంకెల పేర్లను విడివిడిగా గుర్తుంచుకోవాలి. బంధుత్వాల్లో మాత్రం ఉర్దూ వివరంగా చెబుతుంది. తండ్రి అక్కచెల్లెళ్ళు, మేనమామ భార్య, భార్యాభర్తల తల్లులు తెలుగులో అందరూ అత్తలే. ఉర్దూలో ఫుప్పూ, ముమానీ, సాస్ అని ముగ్గురికీ మూడు పేర్లు. నిన్నకూ రేపుకూ ఉర్దూలో ‘కల్’ ఒక్కటే, తెలుగులో రెండు మాటలు. ‘మనం’, ‘మేము’ అనే తేడా తెలుగు చూపిస్తుంది, ఉర్దూలో రెంటికీ ‘హమ్’ సరిపోతుంది. రెండు భాషలూ వచ్చిన పిల్లవాడికి ఈ తేడాలన్నీ తెలుసు. ఒక భాష చూపనిది మరో భాష చూపిస్తుంది.

మన దక్కనీ ఉర్దూలో ‘ఆతూఁ బోల్‌కే బోల్యా’ అంటాం. ఇందులోని ‘బోల్‌కే’ తెలుగులో ‘వస్తానని చెప్పాడు’ అనేటప్పటి ‘అని’కి అచ్చు జోడీ. ఈ రెండు భాషలూ శతాబ్దాలుగా మన పెద్దల మనసుల్లో పక్కపక్కనే బతికాయనడానికి ఇదే సాక్ష్యం.

తరగతి గదిలో చిక్కు

‘బాష్పీభవనం అంటే ఏమిటి?’ అని తరగతిలో అడిగితే ఒక అమ్మాయి తల వంచుకుంటుంది. ‘ఆరేసిన బట్టల్లోని నీళ్ళు ఏమయ్యాయి? ఉర్దూలోనే చెప్పమ్మా’ అంటే, ఎండకు ఎలా ఆరాయో, వానాకాలంలో ఎందుకు ఆలస్యమవుతుందో చక్కగా చెబుతుంది. ఆమెకు విషయం తెలుసు, బడి భాషలో దాని పేరే తెలియదు. అది గమనించకపోతే ఆమెను మొద్దు అనుకుంటాం. కొన్నాళ్ళకు ఆమె కూడా అదే నమ్ముతుంది.

కెనడా విద్యావేత్త జిమ్ కమిన్స్ వివరించినట్టు, ఒక భాషలో అర్థమైన విషయం రెండో భాషకు కూడా పునాది అవుతుంది. ఉర్దూ మీడియంలో ‘జావియా’ అర్థమైన అమ్మాయికి ‘కోణం’ కొత్త పాఠం కాదు, కొత్త పేరు. ఆ పేరు అందించేవారు లేకే పదో తరగతి తర్వాత తెలివైన పిల్లలు వెనకడుగు వేస్తారు.

రెండు భాషలు పిల్లల బుర్రను పాడుచేస్తాయన్న పాత భయం గురించి కూడా చెప్పాలి. 1962లో పీల్, లాంబర్ట్ అనే పరిశోధకులు మాంట్రియల్‌లో పదేళ్ళ పిల్లలను పరీక్షించారు. ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ బాగా వచ్చినవారు ఒకే భాష వచ్చినవారికంటే మెరుగ్గా కనిపించారు. అంతకుముందు జరిగిన చాలా పరిశీలనలు కుటుంబాల ఆర్థిక స్థితిని సరిగా లెక్కలోకి తీసుకోలేదని కూడా తేలింది. రెండు భాషలతో తెలివి పెరుగుతుందా అన్నదానిపై పరిశోధకుల్లో నేటికీ ఏకాభిప్రాయం లేదు. హాని చేస్తాయన్న మాట మాత్రం నిలబడలేదు.

మనం చేయగలిగినవి

ఇంగ్లీషు మీడియం ఫీజుకు సాయం చేయడం మంచిదే. అయితే ఫీజు కట్టాక తల్లులు ఇంట్లో సొంత భాష మానేసి వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడటం మొదలుపెడుతున్నారు. దానివల్ల పిల్లలు కథలు, సామెతలు, ‘ఎందుకు’ అని విస్తారంగా అడిగే అవకాశం పోగొట్టుకుంటారు. ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధన సౌకర్యం కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణంలో ఉంది. వీలైనచోట కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలో బోధన ఉండాలని 2020 జాతీయ విద్యావిధానం చెబుతోంది.

దాతలకు నా విన్నపం మూడు విషయాల్లో. ఒకటి: సాయంత్రపు ట్యూషన్ కేంద్రాల్లో ఉర్దూ, తెలుగు రెండూ వచ్చినవారిని పెట్టండి. డిగ్రీ చదివే మన ఆడపిల్లలకు గౌరవ వేతనం ఇస్తే వారి చదువుకూ ఆసరా అవుతుంది. రెండు: గణితం, సైన్సు మాటలను ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడు వరసల్లో చిన్న పుస్తకంగా అచ్చువేయించండి. దానికయ్యే ఖర్చు తక్కువ, ఉపయోగం చాలా ఏళ్ళు. మూడు: ఉర్దూ మీడియంలో పది పూర్తిచేసిన పిల్లలకు కాలేజీ తెరిచేలోగా వేసవి తరగతులు నడపండి.

దివ్యఖుర్ఆన్‌లోని సూరా అర్‌రూమ్ 22వ ఆయతు మానవుల భాషల్లోని వైవిధ్యాన్ని అల్లాహ్ సూచనల్లో ఒకటిగా పేర్కొంటుంది. ఆ సూచనను మన పిల్లలు నోటినిండా పలికేలా చూడటం మన బాధ్యత. ఈ పనిలో మీరిచ్చే ప్రతి రూపాయినీ అల్లాహ్ సదఖా జారియాగా స్వీకరించుగాక. ఆమీన్.