హెచ్.ఐ.వి.లో దీర్ఘకాలిక తాపం

హెచ్.ఐ.వి. సోకినవారిలో రోగనిరోధక వ్యవస్థ ఏళ్ళ తరబడి ఉద్రేక స్థితిలో ఉండిపోవడాన్ని దీర్ఘకాలిక తాపం అంటారు. గాయపు వాపువలె ఇది పైకి కనిపించదు.

కారణాలు

వైరస్ సోకిన తొలి వారాలలోనే పేగు గోడలలోని సి.డి.4 కణాలు పెద్ద సంఖ్యలో నశిస్తాయి. అందువలన పేగులలోని సూక్ష్మజీవుల అంశాలు రక్తంలో చేరి రోగనిరోధక కణాలను నిరంతరం ప్రేరేపిస్తాయి. ఏ.ఆర్.టి. మందులు వైరస్‌ను పరీక్షకు అందనంతగా అణచినా, అది కొన్ని కణాలలో దాగి ఉంటుంది. కావున తాపం తగ్గుతుంది గాని పూర్తిగా పోదు.

దుష్ఫలితాలు

తాపం వలన రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని కొవ్వు పేరుకొంటుంది. రక్తం గడ్డకట్టే స్వభావం పెరుగుతుంది. వీరికి గుండెపోటు ముప్పు ఇతరుల కంటె సుమారు ఒకటిన్నర నుండి రెండు రెట్లు ఎక్కువ. మూత్రపిండాల వ్యాధులు, ఎముకలు గుల్లబారడం కూడా ఎక్కువగా కనిపిస్తాయి.

నివారణ

ఆరోగ్యం కుదుటపడిందని మందులు ఆపరాదు. 2006లో ప్రచురితమైన స్మార్ట్ అధ్యయనంలో, సి.డి.4 సంఖ్య బాగున్నపుడు మందులు ఆపినవారిలో మరణాలు, గుండెజబ్బులు పెరిగాయి. భారతదేశంతో సహా 12 దేశాలలో 40-75 ఏళ్ళ వయసుగల 7,769 మందిపై జరిగిన రిప్రీవ్ అధ్యయనం 2023లో వెలువడింది. ఇందులో పిటావాస్టాటిన్ వాడినవారిలో గుండెపోటు, పక్షవాతం వంటి తీవ్ర ఘటనలు 35 శాతం తగ్గాయి. పొగత్రాగడం మానడం, రక్తపోటును, మధుమేహాన్ని అదుపులో ఉంచుకోవడం అంతే ముఖ్యం.